ఎనిమిది లీటర్ల ఆవు చెవిపోగు

నేను ఒక చెవిపోగును. తొందరపడి మురిసిపోకండి, బంగారందాన్ని కాను. అరచేతిలో ఇమిడే పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్లను. ఒంటిమీద పన్నెండు అంకెలు, వెనకాల మేకులాంటి కాడ. పశువు చెవికి నన్ను కొడతారు. కొట్టాక దానికి పేరుండదు, నా నంబరే ఉంటుంది. అది చస్తే నన్ను చూసి బీమా సొమ్ము ఇస్తారు. అంటే బతికున్నంతకాలం నన్నెవరూ చూడరు, చచ్చాక పశువునెవరూ చూడరు. ఇంత తెలివైన ఏర్పాటు మనుషులకు తప్ప ఎవరికి తడుతుంది!

ఎక్కడో దూరాన ఒక ఫ్యాక్టరీలో వందమంది అక్కచెల్లెళ్లతో కలిసి ఒక్క పూటలో పుట్టాను. ఒకే సంచిలో కుక్కితే రైలు, లారీ మారి, శ్రీకాకుళం ఏజెన్సీ కొండల కింద ఒక పశువుల ఆసుపత్రికి చేరాను. అక్కడ మా యజమాని తవిటినాయుడు, పశువులకు సూదులు వేసే సహాయకుడు. దుర్మార్గుడని చెప్పలేను. లంచం అడగడు, కేకలెయ్యడు. కాగితం మీద లేనిది లోకంలో లేదని నమ్ముతాడు, అంతే. అలాంటివాళ్ల చేతిలో పడటంకన్నా లంచగొండి చేతిలో పడటమే నయమని నాకు తర్వాత తెలిసింది.

ఆ కొండమీద ఇరవై ఇళ్ల సవర గూడెం. అందులో సోంబారి, ఆమె మొగుడు జమ్మయ్య. వాళ్లకు ఎకరం చిల్లర పల్లపు భూమి, జత దుక్కిటెద్దులు ఉండేవి. ఒక ఎద్దు పిడుగుపాటుకు పోయింది. ఒంటెద్దుతో నాగలి సాగదు. గిరిజనులు బతుకుతెరువుకు ఏదైనా కొనుక్కుంటే ధరలో సగం ప్రభుత్వం ఊరికే ఇస్తుంది, సగం బ్యాంకు అప్పిస్తుంది అని కబురు వస్తే మొగుడూ పెళ్లాం కొండ దిగి వచ్చారు.

"ఎద్దు కావాల బాబూ. ఒక్కటి సాలు. జతది పోనాది," అంది సోంబారి.

తవిటినాయుడు ఆ పథకం జాబితా మీద వేలుపెట్టి పైనుంచి కిందిదాకా దింపాడు. పాడి ఆవు, కుట్టుమిషను, కిరాణా కొట్టు, ఆటో.

"ఎద్దు నేదే. ఆవు రాసుకుంటావేటి? నేకపోతే కుట్టుమిషను. రేపే ఆకరు."

"ఆవు దుక్కి దున్నదు గదా బాబూ."

"పాలిస్తాది. పాలమ్ముకుని ఎద్దుని కొనుక్కో."

తవిటినాయుడికి తెలియని సంగతి ఒకటుంది. ఆ గూడెంలో ఆవును పిండరు. తాతల నాటినుంచీ పాలు దూడ సొత్తు. సోంబారి కాసేపు ఆలోచించి, మొగుడితో వాళ్ల మాటలో ఏదో చెప్పి, ఆవుకే వేలిముద్ర వేసింది. ఆమె ఏం చెప్పిందో తర్వాత పశువుల సంతలో, తవిటినాయుడి సంచిలోంచి చూస్తే నాకు అర్థమైంది. వచ్చినవాళ్లందరూ ఆవుల పొదుగులు చూస్తుంటే ఆమె దూడల మూపురాలు తడుముతోంది. మూడు వారాల కోడెదూడ ఉన్న ఎర్రావును ఏరుకుంది. పాలన్నీ దూడ తాగితే మూడేళ్లకు ఎద్దవుతుందని ఆమె లెక్క. జాబితాలో లేని ఎద్దును జాబితాలో ఉన్న ఆవు వెనకాల వెతుక్కుంది. అంత తెలివి ఆ ఆఫీసులో ఒక్కరికీ లేదు.

సన్నటి వానలో, అక్కడే, నన్ను ఆవు చెవికి కొట్టారు. ఫొటో తీసేటప్పుడు నా నంబరు సరిగ్గా కనబడటం లేదని సోంబారిని పక్కకు జరగమన్నారు.

నెల తిరిగాక తవిటినాయుడు తనిఖీకి కొండెక్కాడు. "పాలెన్నొస్తన్నాయే?" అన్నాడు పుస్తకం తెరిచి.

"దూడ తాగతంది బాబూ."

"నువ్వెన్ని పిండతన్నావని అడుగుతున్నాను."

"మావు పాలు పిండం. అయి దూడవి గదా."

అతను పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపుకుని నా నంబరుకు ఎదురుగా రోజుకు ఎనిమిది లీటర్లని రాసుకున్నాడు. సున్నా రాస్తే పైవాళ్లు తన ఉద్యోగానికి సున్నా చుడతారట. దూడను చూసి మాత్రం "బలే ఉందే!" అని మెచ్చుకుని దిగిపోయాడు.

ఇక నా పాపం చెప్పుకోవాలి. వానాకాలం కదా, నన్ను కొట్టిన చోట పుండు మానలేదు. ఈగలు వాలాయి, పురుగు పట్టింది. నా కాడ కదిలినప్పుడల్లా ఆవు ఒళ్లంతా వణికేది. చావుకు బీమాగా వచ్చినదాన్ని, చావును నేనే వెంటబెట్టుకొచ్చాను.

సోంబారి పరుగున కొండ దిగింది. "సెవి కుళ్లిపోతంది బాబూ. పోగు తీసెయ్యి."

"పోగు ముట్టుకున్నావంటే బీమా పోద్ది. ఆవు సచ్చినా పైసా రాదు. మందు వచ్చే వారం వస్తాది, అందాకా ఆగు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమె తొమ్మిది రోజులు ఆగింది. నా చుట్టూ వేపనూనె పోసింది, పొగాకు రసం పిండింది, నన్ను మాత్రం వేలితో కూడా తాకలేదు. దేవుడి బొమ్మనైనా అంత భయంగా చూసి ఉండదు. పదో రోజున ఆవు మేత మానేసి తల వాల్చేసింది. అప్పుడు కొడవలి తెచ్చి నా కాడ కోసి, నన్ను బయటికి లాగి, కడిగి, విస్తళ్లు కుట్టే అడ్డాకులో చుట్టి చూరులో దోపింది. పోగు పోగొడితే తప్పుగానీ, భద్రంగా దాచితే తప్పెలా అవుతుందని అనుకుంది.

మూడోరోజు ఆవు చచ్చింది. తవిటినాయుడు వచ్చి, ముక్కుకు గుడ్డ అడ్డంపెట్టుకుని, చూసి వెళ్లాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా దూడ మిగిలింది. ఇంకా గడ్డి కొరకడం సరిగ్గా రానిది. సోంబారి చోడి జావ, అదే రాగిజావ, పట్టింది, గంజి పట్టింది. గూడెంలో వేరే ఆవులు లేకపోలేదు. కానీ వేరే దూడ నోటికాడి పాలు లాగి దీనికి పొయ్యడం ఆమెకు చేతకాలేదు. మూపురం రాకుండానే దూడ పోయింది. ఆ రోజు ఆమె ఏడవలేదు. నాకే ఏడవాలనిపించింది, ఏం లాభం, కన్నీళ్లు లేవు.

నన్ను ఆకుతో సహా ఆఫీసు బల్ల మీద పెట్టింది.

"చెవి ఏదే?" అన్నాడు తవిటినాయుడు. "పోగు చెవిలో ఉండాల. ఉత్త పోగు తెస్తే ఏ ఆవు సచ్చిందని రాస్తాను?"

"నువ్వే వొచ్చి సూసినావు గదా బాబూ."

"నేను చూస్తే సరిపోద్దేటే? బీమావోళ్లు ఫొటోలో చూడాల."

పోగు తీయొద్దంటే ఆగి ఆవును పోగొట్టుకుంది, తీసినందుకు బీమాను పోగొట్టుకుంది. చచ్చిన ఆవు ఇదేనని రుజువు కాలేదని రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. అప్పు మాత్రం ఈ సోంబారిదేనని బ్యాంకు వాళ్లకు రుజువు అక్కర్లేకపోయింది.

ఆ ఏడు దుక్కి ఎలా సాగిందో నేను చూశాను. ఆఫీసు బల్ల మీంచి నన్ను వెనక్కి తెచ్చుకుని కొంగున ముడేసుకుని తిరిగేది, ఎప్పటికైనా అక్కరకొస్తానని. జమ్మయ్య మేడి పట్టాడు. కాడికి ఒకపక్క ముసలి ఎద్దు, రెండోపక్క సోంబారి. నాలుగు చాళ్లకే ఆమె ఎడమ భుజం తోలు ఊడింది. ఆవు చెవికి నేను చేసిన పుండులాంటిదే, కాస్త పెద్దది. దానిమీదా వేపనూనె పోసుకుంది.

మరుసటి ఏడు జాబితాలో దుక్కిటెద్దును చేర్చారు. అందరికన్నా ముందు కొండ దిగింది సోంబారే. తవిటినాయుడు కంప్యూటరులో ఆమె పేరు కొట్టి పెదవి విరిచాడు.

"నీకు రాదే. ఇంటికి ఒక్క పశువే. నీ పేరన ఆవు బతికే ఉంది. రోజుకి ఎనిమిది లీటర్లు ఇస్తంది కూడాను."

"సచ్చిపోనాది బాబూ! నీకు తెల్దా?"

"నాకు తెలుసు. దీనికి తెలీదు," అని కంప్యూటరును చూపించాడు. "సచ్చినట్టు కాయితం నేదు కదే."

సోంబారి కొంగుముడి విప్పింది. నన్ను తీసి తన చెవికి ఆనించుకుంది.

"అయితే దీన్ని నా సెవికి ఎయ్యి బాబూ. ఇప్పుడు నాగలి లాగతన్నది నానే."

గదిలో ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. తవిటినాయుడు నవ్వలేదు. ఆమె భుజం కేసి ఒకసారి చూసి, గబుక్కున జాబితా కేసి చూశాడు. సొరుగులోంచి ఇంకో ఫారం తీసి తేదీ చదివాడు.

"మనుషులకి వేరే పథకం ఉందే. ఆకరు తేదీ నిన్నటితో అయిపోనాది."

సోంబారి నన్ను బల్ల మీద వదిలేసి వెళ్లిపోయింది. బతికున్న ఆవు పోగును చెత్తబుట్టలో వెయ్యకూడదు కాబట్టి తవిటినాయుడు నన్ను సొరుగులో పెట్టాడు. గుండుసూదుల పక్కన, ఎండిపోయిన ఇంకుప్యాడు మీద, హాయిగా ఉన్నాను. నెలనెలా నా నంబరుకు ఎదురుగా పాలు రాస్తూనే ఉన్నాడు. ఈ నెల తొమ్మిది లీటర్లకు పెరిగాను. బయట తొలకరి పడుతోంది, కొండమీద దుక్కులు మొదలయ్యాయట.