వట్లూరు ఇంట్లో రెండు గాలులు

వట్లూరులో శేషగిరిరావుగారింట్లో కాఫీలయ్యాక మొదటి పని లాప్‌టాప్ తెరవడం. తెరవగానే ఆయన ఫైర్‌ఫాక్స్ నొక్కుతారు. నొక్కగానే అందులోంచి కొల్లేటి గాలి వస్తుంది. చల్లగా, గుర్రపుడెక్క వాసనతో, ఒక్కోసారి నాలుగు చినుకులు కూడా మోసుకొస్తుంది. ఆపాటికే వాళ్ళావిడ వెంకటనరసమ్మగారు గుమ్మడి వడియాల పళ్ళెం తెచ్చి స్క్రీను ముందు పెట్టేసి ఉంటారు.

"ఏవండీ, ఇంకో రెండు పేజీలు తెరవండి. అడుగున తడారలేదు."

ఎన్ని పేజీలు తెరిస్తే అంత గాలి మరి. శేషగిరిరావుగారు తెరవడమే కాని మూయడం ఎరగరు. పంచాంగం పేజీ, ధాన్యం రేట్లు, ఎప్పుడో చూసిన మోకాళ్ళ నూనె, అన్నీ వరసగా అలా ఉండాల్సిందే.

"చూసేసినవి మూసేయొచ్చు కదా మావయ్యగారూ," అనేది కోడలు పద్మప్రియ.

"మన గుమ్మంలోకి వచ్చినవాళ్ళని మనమే లేచి వెళ్ళమంటామా అమ్మా?"

పద్మప్రియది తాడేపల్లిగూడెం. కాలేజీలో చేరిన నాటినుంచీ క్రోమే వాడుతోంది. ఒక పేజీ తెరవడం, పని చూసుకోవడం, వెంటనే మూసేయడం. తిన్న కంచం తిన్నట్టే కడిగేసే పిల్ల. ఆమె ఫోన్లోంచి గాలీ రాదు, వానా రాదు. పెళ్ళై వచ్చినప్పటినుంచీ మావగారు ఆమెని తన వైపు తిప్పుకోవాలని చూస్తూనే ఉన్నారు. ఆమె నవ్వేసి ఊరుకునేది. వాళ్ళింట్లో రోజూ ఇదే సరదా. వెంకటనరసమ్మగారికి మాత్రం రెండూ నెట్టే.

ఈ పద్మప్రియ ఆ ఏడు ఊరి దిగువన, కొల్లేటి వైపు, వెంకట్రాజుగారి చేపల చెరువు కౌలుకి తీసుకుంది. మొగుడు ఆఫీసు పనిమీద ఏలూరు పోతే, తను స్కూటీ మీద చెరువుకి పోయేది. మేత దగ్గర్నుంచి మందు దాకా అన్నీ ఫోన్లో చదివి నేర్చుకుంది. శీలావతి, బొచ్చె చేపలు బాగానే ఎదిగాయి. కాని ఫోన్లో చదివి చేపలు పెంచడమేమిటని రాజుగారికి నమ్మకం కుదరలేదు.

"ఏదో అడిగింది కదా అని ఇచ్చానండీ. ఈ పంటలో తేడా వస్తే చెరువు వేరేవాళ్ళకి ఇచ్చుకుంటాను, మీరేమీ అనుకోకూడదు," అని శేషగిరిరావుగారితో మెత్తగానే అన్నారు. మెత్తగా అన్నా మాట మాటే. ఆ చెరువు పోతే పద్మప్రియ మునుపటిలా ఏలూరులో ఏ కంప్యూటర్ ముందో కూర్చుని వేరేవాళ్ళ పేర్లు టైపు కొట్టుకోవాలి. ఆమెకి అది ఇష్టం లేదు.

చేపలు పట్టి అమ్మే పట్టుబడి దగ్గరపడిన వారమంతా మబ్బు. ఆకు కదల్లేదు. ఆ రోజు పొద్దున్న కరెంటు లైను తెగింది, నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆగిపోయాయి. జనరేటరేమో రిపేరుకి పోయి ఉంది. పద్మప్రియ వెళ్ళేసరికి చెరువంతా చేపలు పైకి తేలి, నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఉన్న ఆక్సిజన్ బిళ్ళలన్నీ చల్లేసింది. చాల్లేదు. ఇంటికి ఫోన్ చేసింది.

శేషగిరిరావుగారు లాప్‌టాప్ సంకలో పెట్టుకుని, ఆటో ఎక్కి వచ్చేశారు. వెనకాలే వెంకటనరసమ్మగారు. గట్టుమీద మేత బస్తా మీద లాప్‌టాప్ పెట్టి, ఫైర్‌ఫాక్స్ నొక్కారు. పేజీలన్నీ లేచాయి. కొల్లేటి గాలి రివ్వున వచ్చి నీళ్ళమీద పడింది. ఈ వైపు అలలు లేచాయి, చేపలు కొన్ని కిందికి దిగాయి. అవతలి వైపు మాత్రం నీళ్ళు అద్దంలా అలాగే ఉన్నాయి.

"చాలట్లేదండీ. ఆ మోకాళ్ళ నూనె కూడా తెరవండి," అన్నారు వెంకటనరసమ్మగారు.

"అదెప్పుడూ తెరిచే ఉందే."

పద్మప్రియ ఫోన్ తీసింది. "మావయ్యగారూ, నేను కూడా మీ ఫైర్‌ఫాక్సే వేసుకుంటాను. ఒక్క నిమిషం పడుతుంది. క్రోమ్ తీసేస్తాను."

ఇన్నాళ్ళూ ఆయన వినాలనుకున్న మాట అదే కదా. విన్నారు. చెరువు వైపు చూశారు, కోడలి వైపు చూశారు.

"వద్దమ్మా. అవసరం పడిందని మారితే దానికి నువ్వెవరో, నీకు అదెవరో. నీకు చదువు చెప్పింది, చేపల్ని పెంచింది నీదే. నీదే తెరువు."

"నా దాంట్లో గాలెక్కడుంది మావయ్యగారూ?"

"నువ్వు ఉండనిస్తేగా. రాగానే వెళ్ళగొట్టేస్తావు. ఇవాళ ఒక్కటీ మూయకు."

పద్మప్రియ అవతలి గట్టుకి పరిగెత్తింది. క్రోమ్ తెరిచింది. మేత పేజీ, మందుల పేజీ, వాన కబురు, తను మొదట్లో నేర్చుకున్న పాఠాలు, ఒక్కొక్కటీ తెరుస్తూ పోయింది. వేలు అలవాటుగా మూయబోతే, ఇటునుంచి అత్తగారు గట్టిగా అన్నారు, "ఉండనీ పిల్లా, కూచోనీ."

ముందు ఆమె జుట్టు కదిలింది. తర్వాత చున్నీ. ఆ తర్వాత గాలి నేరుగా నీళ్ళమీదికి దూకింది. అది కొల్లేటి గాలి కాదు. పొడిగా, వేడిగా, ఉల్లిపాయల ఘాటుతో తాడేపల్లిగూడెం మార్కెట్టు వీధిలో పొద్దున్నే లారీలు దింపేటప్పుడు వీచే గాలి. ఇన్నేళ్ళూ లోపలే ఉండిపోయిందేమో, కసిగా వీచింది. నీళ్ళు నురగలు కట్టాయి. చేపలు తోకలాడించి ఒకటొకటే కిందికి దిగిపోయాయి. పద్మప్రియ కళ్ళు తుడుచుకుంది. ఉల్లి ఘాటు వల్లే అనుకుందాం.

కబురు తెలిసి వెంకట్రాజుగారు మోటార్‌సైకిల్ మీద వచ్చేసరికి చెరువు మీద ఒక్క చేపా లేదు, అన్నీ లోపలే. వెంట ఇంకొకాయన్ని కూడా తెచ్చుకున్నారు, చెరువు చూపించడానికి కాబోలు. రాజుగారు గట్టంతా ఒకసారి నడిచి వచ్చి, ముక్కు ఎగబీల్చారు.

"ఈ ఉల్లిపాయల గాలి ఎవరిదండీ?"

"మా కోడలిదండి," అన్నారు శేషగిరిరావుగారు. "గూడెం గాలి. పట్టు చూశారా, నాది ఆ మూలదాకా పోలేకపోయింది."

రాజుగారు కాసేపు నీళ్ళు చూశారు. తర్వాత వెంట వచ్చినాయన భుజం మీద చెయ్యి వేసి, "మీకు వేరే చెరువు చూస్తాలెండి. ఇది వచ్చే ఏడు కూడా అమ్మాయిదే," అన్నారు.

పద్మప్రియ అవతలి గట్టున ఫోను రెండు చేతుల్తో పట్టుకుని నిలబడే ఉంది. శేషగిరిరావుగారు దారిన పోయేవాళ్ళని కూడా ఆపి ఆమెని చూపిస్తున్నారు. బస్తా మీద ఆయన లాప్‌టాప్ బ్యాటరీ అయిపోయి ఆరిపోయి చాలాసేపైంది. ఆయన చూసుకోనే లేదు.