తుడవని నేల

ఆమె అందరికంటే ముందు లేచి నేల తుడుస్తుంది. ముందు హాలు, తర్వాత పడగ్గదులు, చివర వంటగది. కంటి ఆసుపత్రిలో వచ్చినవాళ్ళ చేత గోడమీది అక్షరాలు చదివించే ఉద్యోగం. అందుకేనేమో, మంచం కింద మరక కూడా ఆమె కంటపడకుండా పోదు. ముందురోజు ఇంట్లోకి వచ్చిపోయినవాళ్ళ అడుగులన్నీ పిల్ల లేచేలోపు పోవాలి.

ఫోన్లలోంచీ టీవీలోంచీ వచ్చేవాళ్ళు అడుగులు వదిలివెళ్ళడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. తెల్లారేసరికి బూడిదరంగులో నేలమీద తేలతాయి. వీడియో కాల్ చేసిన అత్తగారి చెల్లెలి చెప్పులు ఈడ్చుకుంటూ సోఫా దాకా వచ్చి, అలాగే ఈడ్చుకుంటూ వెనక్కి పోయేవి.

"ఇల్లంతా తొక్కిపోయింది మీ చెల్లెలు."

"దానికి చిన్నప్పట్నుంచీ శుభ్రం లేదులే," అని అత్తగారు సంబరంగా ఒప్పుకునేది.

భర్త సిటీ బస్సు డ్రైవరు. అతను టీవీలో చూసే కుస్తీవాళ్ళు హాలు మధ్యలో గుండ్రంగా తొక్కేవాళ్ళు. బీమా అమ్మేవాళ్ళవి కొత్త బూట్లు, రెండడుగులు ముందుకీ రెండు వెనక్కీ. ఎవరైనా సరే, వచ్చిన దారినే పోయేవాళ్ళు.

అడుగుల సంగతి పిల్లలకి తెలుసు. చూసిన పిల్లలు మాత్రం లేరు. పిల్లలు లేచేలోపు తుడవాలన్నది ఆ మేడలో ఎవరూ ఎవరికీ చెప్పని నియమం. ముక్కూమొహం తెలియనివాళ్ళ కాలిగుర్తులు తన నేలమీద ఉన్నాయని ఏ తల్లి చూపించుకుంటుంది? ఎదురింటి దర్జీ ఆవిడ నేలలో చూసుకుని తల దువ్వుకోవచ్చు.

ఆ అడుగులు మొదలైంది వానలు వెలిసిన వారం. పెద్ద బూట్లు. ఎడమ మడమ బయటివైపు బాగా అరిగింది. హాల్లో ఛార్జింగు పెట్టిన టాబ్లెట్ దగ్గర పుట్టి తిన్నగా పిల్ల గదిలోకి వెళ్ళాయి. ఆమె తుడుచుకుంటూ మంచం దాకా వెళ్ళి, గుడ్డ పిండి, తిరుగు అడుగుల కోసం చూసింది.

లేవు.

మంచం కింద చూసింది. తలుపు వెనక చూసింది. బీరువా తెరిచింది.

"ఏంటమ్మా పొద్దున్నే?" అంది పిల్ల, కళ్ళు విప్పకుండానే. పద్నాలుగేళ్ళు దానికి. ఏమన్నా అంటే చాలు మూతి బుంగ పెట్టేది కాబట్టి ఎప్పుడో బుంగ అన్న పేరు ఖాయమైపోయింది.

"ఏం లేదు, పడుకో," అని ఆమె తుడిచేసింది.

ఆరోజే టాబ్లెట్‌లో పాస్‌వర్డ్ మార్చి, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. మర్నాడు అడుగులు టీవీలోంచి వచ్చాయి. టీవీలో మార్చి ప్లగ్గు పీకేస్తే అత్తగారి ఫోన్‌లోంచి వచ్చాయి. ఇంట్లో అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్. అత్తగారికి గుర్తుండాలని, చచ్చిపోయిన కుక్క పేరు పెట్టారు. ఆమె ఒకదాంట్లో మార్చినప్పుడు మిగతావి తెరిచినవి తెరిచినట్టే ఉండిపోతున్నాయి. ఆ సంగతి ఆమెకి తెలియదు. బూట్లవాడికి తెలుసు.

"బస్సెక్కినవాడు ఎక్కడో ఒకచోట దిగాలి కదా," అన్నాడు భర్త టీ ఊదుకుంటూ.

"దిగలేదనే చెబుతున్నా."

"సరిగ్గా చూశావా?"

"ఊరందరి చూపూ పరీక్ష చేసేది నేను. నా చూపు నువ్వు పరీక్ష చేస్తావా?"

అతను కప్పు పక్కన పెట్టి, కర్ర తీసుకుని అటక మీద పొడిచి చూశాడు. పాత సూట్‌కేసు తప్ప ఏం తగల్లేదు. ఆ పూట డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళాడు.

బుంగ తిండి తగ్గించేసింది. గోళ్ళు రక్తం కనబడేదాకా కొరుక్కుంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది, మోగకపోతే పదేపదే చూసుకునేది.

"ఎవరితో మాట్లాడుతున్నావే?"

"ఎవరితోనూ కాదు."

"ఇంట్లోకి ఎవరో వస్తున్నారు బుంగా."

"నీ నేల పిచ్చి నా మీద రుద్దకు!"

బుంగ బాత్రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వచ్చింది. స్నానం చేస్తున్న చప్పుడు కాదది. ఆమె తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడింది. కొట్టడానికి చెయ్యి రాలేదు. లోపల పిల్ల ఉంది, లోపలెక్కడో వాడూ ఉన్నాడు. తలుపుకి ఇవతల తను.

మర్నాడు ఆసుపత్రి వరండాలో నిలబడి పోలీసుల సహాయ నంబరుకి ఫోన్ చేసింది.

"అడుగులు అందరిళ్ళలోనూ ఉంటాయండీ," అంది అవతలి ఆడగొంతు. "వచ్చినవీ పోయినవీ సరిపోయాయా?"

"పోయినవి లేవు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వానలు తగ్గినప్పట్నుంచి."

అవతలి గొంతు మారింది. "ఎలాంటి అడుగులు? ఫోటోలున్నాయా?"

"లేవు. తుడిచేశాను."

"అన్నీనా?"

"అన్నీ. రోజూ."

"అమ్మా, మీరే అంత శుభ్రంగా తుడిచేస్తే మేమేం చూడాలి?"

లోపల ఎవరో ముసలాయన కింది వరస అక్షరాలు కనబడటం లేదని అరుస్తున్నాడు.

సెలవురోజు పొద్దున్న బకెట్‌తో పిల్ల గదిలోకి వెళ్ళింది. మంచం చుట్టూ నేల కనబడకుండా అడుగులు. ఒకదాని మీద ఒకటి, రాత్రంతా అక్కడే తచ్చాడినట్టు. ఈసారి అక్కడితో ఆగలేదు. గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వీధి తలుపు దాకా వెళ్ళాయి. గుమ్మం దగ్గర రెండు పాదాలూ పక్కపక్కన ఉన్నాయి, మొనలు బయటికి తిరిగి. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు.

ఆమె బకెట్ ఎత్తి నీళ్ళు సింకులో ఒంపేసింది.

"అదేంటి, తుడవ్వా?" అంది అత్తగారు. "పిల్ల లేచే వేళైంది."

"తుడవను."

"దానికి కనబడతాయే!"

"కనబడనివ్వండి."

బుంగ లేచింది. లేస్తూనే, ఫోన్‌లోంచి కళ్ళు తిప్పకుండా బయటికెళ్ళే బట్టలేసుకుంది, చెప్పులు తొడుక్కుంది, సంచీ భుజాన వేసుకుంది. "ఫ్రెండు ఇంటికి, ప్రాజెక్టు పని," అంటూ నాలుగడుగులు వేసి ఆగింది. కిందికి చూసింది.

"ఏంటివి?"

"నీ దగ్గరికి వచ్చేవాళ్ళవి," అంది తల్లి.

"కాదు. నా దగ్గరికి వచ్చేది..." నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. "అది అమ్మాయి. తొమ్మిదో తరగతి. నాలాగే బొమ్మలేస్తుంది."

భర్త ఏదో అనబోతే ఆమె చేత్తో వారించింది.

బుంగ ఒక అడుగు పక్కన తన పాదం పెట్టింది. మడమ మడమకి కలిపి చూసుకుంది. వేళ్ళకి ముందు ఇంకా బోలెడు బూటు మిగిలింది. మెల్లగా వెనక్కి తిరిగి గది దాకా చూసింది, తన మంచం చుట్టూ చూసింది. గుమ్మం దగ్గర ఎదురుచూస్తున్న రెండు పాదాల్ని చూసింది.

"నన్ను రమ్మంది," అంది. "రాకపోతే నా ఫోటో అందరికీ పంపిస్తానంది. ఇవాళే రమ్మంది."

"ఎక్కడికి?" అని తండ్రి లేచాడు.

"కూర్చో నువ్వు," అంది ఆమె. పిల్ల దగ్గరికి వెళ్ళి ఆ అడుగుల మధ్యే కింద కూర్చుంది. "ఫోటో సంగతి తర్వాత చూద్దాం. ముందు చెప్పులు విప్పు."

బుంగ ఒకటి విప్పింది. రెండోదాని బకిల్ ఊడకపోతే అత్తగారు వంగి ఊడదీసింది.

ఆ సహాయ నంబరుకి మళ్ళీ ఫోన్ చేస్తే పోలీసావిడ వచ్చి అడుగుల్ని ఫోటోలు తీసుకుంది. పిల్లని ఒక్క ప్రశ్నా గట్టిగా అడగలేదు. మెసేజీలు ఒక్కటీ చెరపొద్దంది. ఇంట్లో ఉన్న ఫోన్లు, టాబ్లెట్, టీవీ అన్నీ బల్లమీద వరసగా పెట్టించి, అన్నిట్లోంచీ ఒకేసారి లాగౌట్ చేయించింది. తర్వాత ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్ పెట్టించింది. కుక్క పేరు వద్దంటే అత్తగారు కళ్ళు తుడుచుకుంది.

"దొరుకుతాడా?" అని అడిగాడు తండ్రి.

"వెతుకుతాం," అంది ఆవిడ.

"ఫోటో?"

"ఎక్కడైనా పెడితే తీయించే ప్రయత్నం చేస్తాం. పెట్టడని మాత్రం నేను చెప్పలేను."

మర్నాడు కొత్త అడుగులు ఏ తెరలోంచీ రాలేదు. గుమ్మం దగ్గరి రెండు పాదాలూ లేవు. ఆమె తలుపు తెరిచింది. వరండాలో ఉన్నాయి. తొందరపడ్డ అడుగులు కావు, తీరిగ్గా వేసినవి. మెట్లవైపు వెళ్ళలేదు. వరండా అడ్డంగా దాటి ఎదురింటి తలుపు కిందుగా లోపలికి వెళ్ళాయి.

వెనక నుంచి బుంగ వచ్చి చూసింది. బుంగే వెళ్ళి తలుపు కొట్టింది.

దర్జీ ఆవిడ తలుపు తీసింది. మెడలో టేపు, చేతిలో తడిగుడ్డ. వెనక నేల అద్దంలా మెరుస్తోంది. ఆవిడ కూతురికి పన్నెండేళ్ళు, లోపలి గదిలో ఇంకా నిద్రపోతోంది.

"ఏంటక్కా, పొద్దున్నే తల్లీకూతుళ్ళిద్దరూ!"

మెరుస్తున్న నేలమీద, పిల్ల గది గుమ్మం దగ్గర, ఒక్క అడుగు మిగిలుంది. ఎడమది. మడమ బయటివైపు అరిగింది. దర్జీ ఆవిడ నవ్వుతూనే, అలవాటుగా, గుడ్డతో అటు వంగింది.

బుంగ చరచరా లోపలికి వెళ్ళి ఆ అడుగు మీద తన పాదం పెట్టి నిలబడింది.

"తుడవకండి పిన్నీ," అంది. "ముందు దాన్ని లేపండి."