భయానికి చింతపండు పులుసు

రోసమ్మ అడిగింది భయం పోయే పుస్తకం. దేవసహాయానికి వినిపించింది బియ్యం పోసే పుస్తకం.

“రేషన్ దుకాణం ఎన్క గల్లీల ఉంది చెల్లెమ్మా. గాడ కార్డు చూపిస్తే పోస్తరు,” అని ఆయన మర్యాదగా దారి చూపించాడు. రోసమ్మ మళ్లీ చెప్పింది. ఈసారి ఆయన, ఈ నెల బియ్యంలో రాళ్లు ఎక్కువొచ్చాయని సానుభూతి తెలిపాడు. మూడోసారి ఆమె గొంతు పెంచి, మా ఆయనకి రైలంటే భయమండీ, అది పోయే పుస్తకం ఉంటే ఇప్పించండి అనేసరికి, ఒక్క చెవిలో వేయవలసిన రహస్యం ఊరంతటి చెవిలో పడింది. చిలకలగూడ కదా, పలుకు ఆగుతుందా.

పేతురు గూడ్సు బండి గార్డు. బండి చివర గార్డు పెట్టెలో నిలబడి ఇరవై రెండేళ్లు పచ్చజెండా ఊపిన మనిషి. అయిదు నెలల కిందట, 1984 ఎండాకాలంలో, పట్టాల మీదికి ఒక బర్రె వచ్చింది. బండి బర్రున ఆగింది. గార్డు పెట్టె పట్టాలు తప్పి పక్కకు ఒరిగింది. పేతురుకు గీత కూడా పడలేదు గానీ, మనుషులు వచ్చేదాకా రెండు గంటలసేపు లోపల ఆయన తలకిందులుగానూ, బయట బర్రె తాపీగానూ, ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. బర్రె ఆ సంగతి మరిచిపోయి మేతకు పోయింది. పేతురు మరవలేదు. ఆనాటి నుంచి కూత వినబడితే చెమటలు, మెట్టు మీద కాలు పెడితే వణుకు. సిక్ లీవు పెట్టి చిక్కులో పడ్డాడు.

నెలాఖరులోగా బండెక్కితే సరి, లేకపోతే జెండా అప్పగించి పార్శిల్ ఆఫీసు కుర్చీలో కూర్చోవాలని పైనుంచి కాగితం వచ్చింది. అయినా పేతురు రోజూ పొద్దున్నే ఆ పచ్చజెండాను ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి బీరువాలో దాచేవాడు. రోసమ్మ అది చూడలేకే దేవసహాయం దగ్గరికి వచ్చింది.

దేవసహాయం రిటైరైన కాంపౌండరు. ఇప్పుడు అద్దె పుస్తకాల షాపు నడుపుతున్నాడు. ఒకప్పుడు సీసాలకు చీటీ అంటించిన చెయ్యి ఊరుకోక పుస్తకాలకు అంటించేది. ప్రేమ నవలకు “పడుకునే ముందు ఒక అధ్యాయం”, అపరాధ పరిశోధనకు “వాడే ముందు బాగా కుదుపుము.” ఆయన షాపులో సగం పుస్తకాలు అసలు పుస్తకాలుగా పుట్టినవి కావు. వారపత్రికల్లో వచ్చే సీరియళ్లనూ శీర్షికలనూ వారం వారం చింపి దాచి, బైండింగు జంగయ్య చేత కుట్టించినవి. అలా కుట్టినవాటిలోంచి ఒక మనోవైద్యుడు ఆరు వారాల పాటు రాసిన “భయమా, బై బై” తీసి, రోజుకు రెండు పేజీలు భోజనానంతరం అని చీటీ అంటించి ఇచ్చాడు.

ఇక్కడ పేతురు గురించి ఒక మాట చెప్పాలి. రైల్వేలో రైలు తప్పవచ్చు గాని రూలు తప్పకూడదని నమ్మినవాడు. అచ్చులో ఉంటే ఆయనకు ఆజ్ఞే. చదివి, కింద సంతకం పెట్టి, తారీఖు వేసి మరీ పాటిస్తాడు.

మొదటి పాఠం ఇలా ఉంది: “ప్రశాంతమైన చోట కూర్చుని కళ్లు మూసుకోండి. ఒళ్లంతా వదులు చేసి...” పేజీ తిప్పితే, “...ఉప్పు, పసుపు దట్టంగా పట్టించి అరగంట పక్కన ఉంచండి.” పేతురు డాబా మీద పక్కన ఉన్నాడు. ఎర్రజెండా, పచ్చజెండా చూసిన చిలకలగూడ ఆ రోజు పసుపుజెండాను చూసింది.

రెండోది: “భయం కలగగానే కంగారు పడకండి. ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టి...” తరువాతి పేజీలో, “...రెండు గరిటెల నూనె పోసి, ఆవాలు చిటపటలాడేదాకా కదలకండి.” స్టేషను కూతవేటు దూరం. కూతకొకసారి పేతురు పొయ్యి దగ్గరికి పరిగెత్తి మూకుడు పెట్టేవాడు. ఆవాలు చిటపటమనేసరికి బండి వెళ్లిపోయేది. మూడు రోజుల్లో నూనె డబ్బా ఖాళీ అయింది. ఇదేం వైద్యమండీ, మనసు బాగు చేయమంటే మసాలా వేస్తున్నారని రోసమ్మ మొత్తుకుంది. దేవసహాయాన్ని అడిగితే ఆయన పై సగం పేజీ చదివి, డాక్టరు పెద్ద చదువులవాడు, కోర్సు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుందని పంపేశాడు.

గడువుకు రెండు రోజులుందనగా ఆరో పాఠం వచ్చింది. “మీరు దేనికి భయపడుతున్నారో దాని దగ్గరికి ధైర్యంగా నడిచి వెళ్లండి. దాని మీద చెయ్యి వేయండి. ఆ తరువాత...” పేజీ తిప్పాడు. “...తోక నుంచి తల దాకా చింతపండు పులుసుతో రుద్ది కడగండి. పొట్ట లోపల నల్లపొర ఏమాత్రం మిగలకూడదు.”

పేతురు సంతకం పెట్టాడు. తారీఖు వేశాడు. పెన్ను మూత పెట్టడం మరిచిపోయాడు.

“ఇది వద్దులెండి,” అంది రోసమ్మ. “కుర్చీలో కూర్చుంటే కూర్చున్నారు. నాకేం నామోషీ లేదు.”

“రాసి ఉందిగా రోసీ,” అన్నాడాయన. “కిలో చింతపండు నానబెట్టు.”

మర్నాడు సైడింగులో, పక్క పట్టాల మీద ఆగివున్న గూడ్సు దగ్గరికి పేతురు బకెట్టుతో, కొబ్బరిపీచుతో వచ్చాడు. చెయ్యి వేశాడు. రెండో చేతిలో బకెట్టు దడదడమంది. కానీ తోక నుంచి మొదలుపెట్టమని ఉంది, బండికి తోక అంటే గార్డు పెట్టే. బయట రుద్దాడు. ఇక పొట్ట. అది లోపల ఉంటుంది. లోపలికి వెళ్లాలంటే మెట్టెక్కాలి. ఆయన బకెట్టును ముందు ఎక్కించాడు. బకెట్టుకు ఏమీ కాలేదు. దాని వెనక తనూ ఎక్కి, బర్రె గుర్తొచ్చే వ్యవధి లేకుండా మోకాళ్ల మీద కూర్చుని రుద్దడం మొదలుపెట్టాడు.

గార్డు పెట్టెలో నల్లపొర అంటే ఇరవై ఏళ్ల బొగ్గుమసి, బీడీ పొగ. రుద్దినకొద్దీ వస్తూనే ఉంది. కుదుపు వచ్చింది. పేతురు బకెట్టు ఒలకకుండా పట్టుకుని, ఇంకో మూల మిగిలిందే అనుకున్నాడు. ఆ మూల అయ్యాక తలెత్తితే బయట లాలాగూడ వెనక్కి పోతోంది. భయపడదామా అని చూసుకున్నాడు. చేతులు ఖాళీ లేవు. తలుపు దగ్గర ఆ బండి గార్డు, ఈ మనిషి పిచ్చివాడా, పెద్ద ఆఫీసరా అని తేల్చుకోలేక సెల్యూట్ చేసి నిలబడ్డాడు.

మౌలాలి యార్డులో దిగి, ఇంకో గూడ్సు గార్డు పెట్టెలో, తలుపు దగ్గర నిలబడి, కొబ్బరిపీచు ఊపుకుంటూ తిరిగొచ్చాడు. బండెక్కాడన్న కబురు ఆఫీసుకు చేరి, సోమవారం నుంచి డ్యూటీ అని కాగితం చేతికొచ్చింది.

ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక ఆ శుభవార్త చెప్పి పుస్తకం తిరిగిద్దామని దంపతులు షాపుకు వెళ్లారు. అక్కడ విమలమ్మ అనే నర్సమ్మ ఒక వంటల పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. భర్త పోయిన ఈ ఏడాదిగా అవసరానికి మించి ఎవరితోనూ మాట్లాడని మనిషి. ఆవిడ ఫిర్యాదు చేయడానికి రాలేదు. ఇలాంటి వంటల పుస్తకం ఇంకోటి ఉందా అని అడుగుతోంది.

“ఇందులో చేపల పులుసుకి ఏం రాశారో చూడండన్నయ్యా. చేపను శుభ్రంగా ముక్కలు కోసి, ఎదురుగా కూర్చుని, మనసులో ఉన్నదంతా దాచకుండా చెప్పుకోమన్నారు. మూడు ఆదివారాలుగా చెప్పుకుంటున్నాను. పులుసు ఒక్కసారీ కుదరలేదు. రాత్రిళ్లు మాత్రం నిద్ర పడుతోంది.”

దేవసహాయం ఆ పుస్తకం తీసి ఒక పేజీ చదివాడు. పేతురు తెచ్చిన పుస్తకం తీసి ఒక పేజీ చదివాడు. రెండూ కౌంటరు మీద పక్కపక్కన పెట్టి, పక్క కొట్టులోంచి జంగయ్యను పిలిపించాడు. జంగయ్య మెడ గోక్కున్నాడు.

“రెండు శీర్షికలు ముందట షురూ అయి, ఎన్క పేజీలల్ల ఖతం అయితయి సార్. ఎన్క పేజీలు రెండు కుప్పలు పెట్టిన. దీని కుప్ప దానికి, దాని కుప్ప దీనికి కుట్టినట్టున్న. నాకు చదువు రాదని మీకు ఎరుకే గద.”

షాపులో ఉన్నవాళ్లకు ఒకరి తరువాత ఒకరికి అర్థమైంది. డాక్టరు చెప్పిన తలకు వంటావిడ తోక, వంటావిడ తలకు డాక్టరు తోక. విమలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. రోసమ్మ మాత్రం నవ్వలేదు. మొగుడి మొహమే చూస్తోంది. తనను బండెక్కించింది డాక్టరు కాదని, చేప కడిగే చింతపండు పులుసని తెలిశాక రేపు ఈ మనిషి మెట్టెక్కుతాడా అని.

పేతురు ఆ వంటల పుస్తకం ముందుకు లాక్కుని, ఆరో వారం తనకు రావలసిన అసలు ముక్క వెతికి, పైకి చదివాడు. “...మామూలుగా మీ పని చేసుకోండి. భయం మీ వెంట వస్తానంటే రానివ్వండి.”

పేతురు జేబులోంచి పెన్ను తీశాడు, సంతకం పెట్టలేదు. చివరి వాక్యాన్ని గీత గీసి కొట్టేశాడు.

“డాక్టరుగారికి రైల్వే సంగతి తెలియదు,” అన్నాడు. “గార్డు పెట్టెలో డ్యూటీ లేనివాళ్లను ఎక్కించకూడదు.”