మసి వీపు

తన వీపు తానే రుద్దుకోగల మనిషి ఇంకా పుట్టలేదు. మా గని స్నానాల గదిలో ఇది అందరికీ తెలుసు. అందుకే అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. షవరు కింద పక్కవాడు వీపు తిప్పితే నువ్వు రుద్దుతావు. తర్వాత నువ్వు తిప్పుతావు, వాడు రుద్దుతాడు. మొన్న బీరు కొట్టులో నీ పళ్లు రాలగొట్టినవాడైనా సరే రుద్దాలి. రుద్దుతున్నది ఎవరో అని వెనక్కి తిరిగి చూడకూడదు, అది మర్యాద కాదు. పోలండులో మా సిలేసియా బొగ్గుగనుల్లో కత్తి, ఫోర్కు పట్టుకోవడం రానివాణ్ని క్షమిస్తారు. పోలిష్ భాష సరిగ్గా రానివాణ్ని కూడా క్షమిస్తారు. వీపు రుద్దనివాణ్ని క్షమించరు.

1982 జనవరిలో ఒక సోమవారం, మొదటి షిఫ్టు ముగించి పైకి వచ్చాక, నేను వీపు తిప్పాను. ఎవరూ రుద్దలేదు.

కారణం నాకు తెలుసు. డిసెంబరులో దేశమంతా సైనిక పాలన పెట్టి, సైన్యం గని గేటు విరగ్గొట్టి లోపలికొచ్చినప్పుడు సమ్మెలో ఉన్న పదకొండు మందిని పట్టుకుపోయారు. పదిమంది ఇంకా జైల్లోనే ఉన్నారు. నన్ను ఒక్కణ్నే పంతొమ్మిదో రోజున వదిలేశారు. వాళ్లకు కబుర్లు చేరవేస్తానని నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, ఎవరి పేరూ చెప్పలేదు. ఎందుకు వదులుతున్నారని రహస్య పోలీసు కెప్టెన్‌ను అడిగాను కూడా.

"మీకు ఇల్లు లేదా, ఎవాల్డ్ గారూ?" అన్నాడు కెప్టెన్. మంచి మాట తీరు, శుభ్రమైన గోళ్లు. "వెళ్లండి. అక్కడ కష్టంగా ఉంటే నా దగ్గరికి రండి."

ఇంటికి పోతుంటే కష్టం ఎందుకుంటుందో నాకప్పుడు అర్థం కాలేదు. గనిలో అడుగుపెట్టాక అర్థమైంది. మా దగ్గర పొద్దున దీపాలు తీసుకునే గది ముందు ప్రతివాడూ ప్రతివాడికీ చేయి కలుపుతాడు, నలభై మంది ఉంటే నలభై చేతులు. "దేవుడు మేలు చేయాలి" అంటాడు. అవతలివాడు "మేలు చేయాలి" అంటాడు. కుక్కకైనా ఆ మాట బదులిస్తారు. నేను చేయి చాపితే రూఫిన్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. రూఫిన్, నేను తొమ్మిదేళ్లు ఒకరి వీపు ఒకరు రుద్దుకున్నాం. వాడి వీపు మీద బొగ్గు గాట్ల నీలిమచ్చలు ఎన్నున్నాయో వాడి పెళ్లానికంటే నాకే బాగా తెలుసు.

బొగ్గు మసి మామూలు మురికి కాదు. మెషిన్ల నూనె, చెమట కలిసి చర్మంలోకి దిగుతుంది. తువ్వాలు రెండు కొసలూ పట్టుకుని లాగితే పులుముకుంటుందే గాని పోదు. సబ్బు పట్టించి, ఇంకో మనిషి బలంకొద్దీ పీచుతో తోమాలి. నేను వీపంతా నలుపుతో చొక్కా వేసుకుని ఇంటికొచ్చాను.

చొక్కా విప్పగానే నా భార్య ట్రూడా చూసింది. గని కూతురు, గని పెళ్లాం. చెప్పనక్కరలేదు.

"ఎవ్వరు రుద్దలేదా?"

"లేదు."

"రూఫిన్ గూడ?"

"వాడు గూడ."

వంటగదిలో తొట్టి దింపి నన్ను కూచోబెట్టింది. సబ్బుకి రేషను కూపన్లున్న రోజులవి. నెలకు వచ్చే సబ్బులో సగం ఆ ఒక్క వీపుకే అరగదీసింది. చర్మం లేచింది గాని మసి పూర్తిగా పోలేదు. రుద్దుతూనే అడిగింది.

"ఒక్కసారే అడుగుత, మల్ల అడగ. సంతకం పెట్టినవా?"

"పెట్టలే."

"మరి ఎందుకిడిచిపెట్టిన్రు?"

"తెల్వది."

ఆమె చేయి కాసేపు ఆగింది. "పన్నెండేండ్ల సంది నీతోటి కాపురం చేస్తున్న, నాకే నమ్మబుద్ధయితలేదు. ఇగ వాళ్లకెట్లయితది?"

భయమంటే ఏంటో నన్నడగండి. గేటు విరగ్గొట్టిన ట్యాంకును చూసి నేను భయపడలేదు. తొట్టిలో కూచుని నా వీపు మీద ఆగిన నా పెళ్లాం చేతికి భయపడ్డాను.

వారం తిరిగేసరికి విషయం వాకిట్లోకి వచ్చింది. నేను పడుకున్న దుప్పటి మీద మసి వీపు అచ్చు దిగింది. ట్రూడా ఎంత ఉడకబెట్టినా బూడిదరంగు పోలేదు. మా వాడలో దుప్పట్లు తెల్లగా లేకపోతే ఆ ఇల్లే లేనట్టు లెక్క. మసి గాలిలో బతుకుతూ వారానికి రెండుసార్లు కిటికీ అద్దాలు తుడిచే ఆడవాళ్లు మావాళ్లు. తీగ మీద ఆ దుప్పటి చూసి పక్కింటి గిజెలా మెట్లు తుడవడం ఆపి నిలబడిందట.

"ఏంది ట్రూడా, మీ ఆయన స్నానం ఇడిచిపెట్టిండా?"

"సబ్బు దొరుకుతలేదు."

"సబ్బు నీకొక్కదానికే దొరుకుతలేదా? మాకందరికి మంచిగనే దొరుకుతుంది. చేతులే దొరకాలె."

ఆ రోజు నుంచి ట్రూడా దుప్పట్లు వంటగదిలో పొయ్యి పైన తీగ కట్టి ఆరేసింది. పిల్లలు వాటి కింద నుంచి వంగి నడిచేవాళ్లు.

ఇంతవరకూ సిగ్గే. సిగ్గుతో మనిషి చావడు. మూడోవారం గురువారం నాడు అసలు సంగతి తెలిసింది. బొగ్గు తవ్వే గోడ దగ్గర మేం ఐదుగురం: ముసలి తెయోఫిల్, రూఫిన్, నోర్బెర్ట్, ఆహిమ్, నేను. కప్పు కూలే ముందు పలుకుతుంది. కప్పును మోసే చెక్కదిమ్మెలు మూలుగుతాయి, పైనుంచి ఇసుకలాంటి పొడి రాలుతుంది. మొదట విన్నవాడు అరవాలి. ఇది రాసిపెట్టిన చట్టం కాదు, చట్టం కంటే పెద్దది. నేను తల వంచుకుని పార తోస్తున్నాను, పక్కన మెషిన్ మోత. ఎందుకో వెలుతురు తగ్గినట్టనిపించి తలెత్తాను. మిగతా నలుగురి టోపీ దీపాలూ పది అడుగులు వెనక ఉన్నాయి. వరసగా నిలబడి, నా వైపే చూస్తున్నాయి.

పార వదిలేసి దూకాను. నేను నిలబడ్డ చోట పొయ్యంత రాయి పడింది. దుమ్ము కాస్త తగ్గింది.

"ఇనపడలేదా?" అన్నాడు రూఫిన్.

"ఎవడన్న పిలిచిండా?"

ముసలి తెయోఫిల్ దగ్గి పక్కకు ఉమ్మాడు. "పిలుద్దామనే అనుకున్న, బిడ్డా. నోట్లెకెల్లి రాలే," అన్నాడు.

వీపు రుద్దనివాళ్లు పిలవరు కూడా. రెండూ ఒకే మర్యాద. కప్పు మళ్లీ రేపో, ఎల్లుండో పలుకుతుంది. నేను మళ్లీ తలెత్తి చూస్తానన్న నమ్మకం లేదు.

సరిగ్గా మర్నాడే నన్ను గని సిబ్బంది ఆఫీసులోకి పిలిపించారు. బల్ల వెనక కెప్టెన్ ఉన్నాడు. లేచి నిలబడి చేయి కలిపాడు. మూడు వారాల్లో నాకు చేయి కలిపిన మొదటి మనిషి వాడే. చెప్పడానికి సిగ్గేస్తోంది, ఆ చేయి వెచ్చగా హాయిగా ఉంది.

"మీ ఇంట్లో దుప్పట్లు వంటగదిలో ఆరేస్తున్నారట," అన్నాడు. "పిల్లలకు తేమ మంచిది కాదు."

నేను తలుపు వైపు చూశాను.

"నిన్న రాయి చాలా దగ్గర్లో పడిందట కదా. ఎవాల్డ్ గారూ, మీవాళ్లు మిమ్మల్ని చంపేస్తారు. నేను చంపను. నెలకోసారి కలిసి కాఫీ తాగుదాం, అంతే. అవీ ఇవీ చెప్పుకుందాం. మిమ్మల్ని వేరే గనికి మార్పిస్తాను. అక్కడ మీరెవరో ఎవరికీ తెలీదు, వీపు రుద్దుతారు. బుధవారం నాటికి చెప్పండి."

వీడికి మా స్నానాల గది తెలుసు. వీపు సంగతి తెలుసు. నన్ను ముందుగా వదలడం దయా కాదు, పొరపాటూ కాదు. వల. నన్ను వదిలేసి, మావాళ్ల చేతే నన్ను తన వైపుకు తరిమించుకుంటున్నాడు. మావాళ్ల మర్యాదనే తాడుగా పేనాడు.

నేను లేవబోతుంటే నవ్వాడు. "అన్నట్టు, తెయోఫిల్ గారి పంది ఇప్పుడు తింటోందా?"

లేవబోయినవాణ్ని అలాగే కూచుండిపోయాను. మంగళవారం కిందికి దిగే బండిలో తెయోఫిల్ ఒక జోకు వేశాడు. టీవీలో వార్తలాయన మిలటరీ బట్టల్లో కనబడేసరికి మా పంది తిండి మానేసింది, నన్ను కొయ్యడానికి పోలీసులు చాలరా, సైన్యం గూడ కావాల్నా అన్నదని. ఆ వారాల్లో నన్ను కూడా కాస్త నవ్వించిన ఒకే ఒక్క మాట అది. బండిలో మేం ఐదుగురమే ఉన్నాం. నన్ను తీసేస్తే నలుగురు.

ఆ నలుగురిలో ఒకడు నెలనెలా కెప్టెన్‌తో కాఫీ తాగుతున్నాడు. నన్ను మొదట వేలెత్తి చూపింది వాడే అయి ఉంటాడు.

సంతకం పెడితే మావాళ్లు అనుకున్నవాణ్నే అవుతాను. పెట్టకపోతే రాయి కింద పోతాను. మూడో దారి ఒకటే, అందరి ముందూ నోరు తెరవడం. నోరు తెరిస్తే అది ఆ కాఫీ తాగేవాడి చెవిలోనూ పడుతుంది, సాయంత్రానికి నన్ను తీసుకుపోతారు. ఈ లెక్క వేసుకోవడానికి నాకు శనివారం, ఆదివారం, సోమవారం, మంగళవారం పట్టాయి. ట్రూడాకి చెప్పాను. బుధవారం పొద్దున రొట్టె కట్టిస్తూ, మందపాటి మేజోళ్లు రెండు జతలు సంచిలో పెట్టింది. జైల్లో నేల చల్లగా ఉంటుందని ఆమెకూ తెలుసు.

బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు స్నానాల గదిలో నలభై మంది ఉన్నారు. బట్టలన్నీ గొలుసులకు కట్టి కప్పు దాకా లాగేసి ఉన్నాయి, ఉరితీసిన మనుషుల్లా. ఆవిరిలో నేను నీళ్లాపి గది మధ్యకు వచ్చాను. ఒంటి మీద నూలుపోగు లేదు, వీపంతా మసి. అది అందరికీ కనబడుతోంది.

"ఇనుండ్రి," అన్నాను. "నేను సంతకం పెట్టలే. నన్ను ఎందుకిడిచిపెట్టిన్రో శుక్రవారం తెలిసింది. మీరు నన్ను ఎల్లగొడ్తరని ఇడిచిపెట్టిన్రు. ఎల్లగొడ్తె నేను ఆల్ల కాడికి పోతనని. కెప్టెన్ ఇయ్యాల్టి దాంక గడువిచ్చిండు."

"కతలు బాగనే పడ్తున్నవ్," అన్నారెవరో వెనక నుంచి.

"తెయోఫిల్ మామ, నీ పంది ముచ్చట బండిల ఎవలెవలికి చెప్పినవ్?"

ముసలాయన కళ్లలో సబ్బు తుడుచుకున్నాడు. "మీ నలుగురికే. ఇంకెవలికి చెప్పలే. ఎందుకు?"

"పంది తింటుందా అని కెప్టెన్ అడిగిండు."

రూఫిన్ నోర్బెర్ట్ వైపు చూశాడు. నోర్బెర్ట్ ఆహిమ్ వైపు చూశాడు. ఆహిమ్ నేల చూశాడు. ఆ చూపులు అక్కడితో ఆగలేదు. గదంతా పాకాయి. నలభై మందిలో ప్రతివాడూ ఈ నెలలో తాను అన్న మాటలు, విన్న చెవులు గుర్తు చేసుకుంటున్నాడని ముఖాల్లో తెలుస్తోంది. రుద్దుతున్న చేతులు ఆగిపోయాయి. ఒకడు సగం రుద్దించుకున్న వీపును గోడకు ఆనించుకున్నాడు. వాణ్ని చూసి ఇంకొకడు. నిమిషంలో నలభై వీపులు గోడకు అతుక్కున్నాయి.

అప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. నా ఒక్కడి వీపు మసి కడుక్కోబోయి అందరికీ పూశాను. రేపటి నుంచి కిందికి దిగితే ఎవడూ ఎవణ్నీ పిలవడు. కెప్టెన్‌కు ఇక నా సంతకంతో పనే లేదు.

ఒకళ్లిద్దరు మసితోనే బట్టలు దింపుకోవడానికి గొలుసులు అందుకున్నారు. తెయోఫిల్ మాత్రం అక్కడే నిలబడ్డాడు. డెబ్బై ఆరులో కప్పు కూలినప్పటి నుంచి ఆయన ఎడమ చేయి భుజం దాకా లేవదు. పక్కవాడు లేకపోతే మెడ కూడా కడుక్కోలేడు.

"అంటె ముసలోడు గిట్లనే ఇంటికి పోవాల్నా?" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

ఎవరూ కదలలేదు. నేను పీచు తీసుకుని ఆయన వెనక్కి వెళ్లాను. సబ్బు పట్టించాను.

"నేనే అయితె?" అన్నాడు తెయోఫిల్ చిన్నగా. "పంది నాది, ముచ్చట నాది. నేనే చెప్పిన్నేమో."

"చెప్పినవా?"

"లేదంటె నమ్ముతవా?"

"తెల్వది మామా. వంగు."

రుద్దాను. ఆయన వీపు నా చేతి కింద వణుకుతోంది. చలికో, భయానికో, ఇంకెందుకో నాకు తెలియదు. మసి కారి కాళ్ల మధ్య నుంచి కాలువలోకి పోతోంది. నడుము దాకా వచ్చాను. అప్పుడు నా వీపు మీద ఒక చేయి పడింది.

తిరిగి చూడలేదు. చూడకూడదు. మొరటు చేయి, భుజం ఎముక కింద చర్మం లేచిన చోట గట్టిగా నొక్కి తోముతోంది. మంటకు కళ్లలో నీళ్లొచ్చాయి. రూఫిన్ చెయ్యా? తొమ్మిదేళ్ల చెయ్యి నాకు తెలియాలి కదా. తెలియలేదు. కెప్టెన్‌తో కాఫీ తాగే చెయ్యేమో, తన వైపు ఎవరూ చూడకుండా అందరికంటే ముందు వచ్చిందేమో. వెనక ఇంకెవరో ఆ చేతివాడి వీపు రుద్దుతున్న చప్పుడు. ఆ వెనక ఇంకొకటి. గొలుసులు అందుకున్నవాళ్లు వదిలేశారు. కెప్టెన్ మనిషి ఈ వరసలోనే ఉన్నాడని అందరికీ తెలుసు. వాడి వీపు కూడా ఎవరో ఒకరు రుద్దుతున్నారు.

బట్టలు వేసుకుని బయటికి వచ్చేసరికి గేటు దగ్గర కారు నిలబడి ఉంది, ఇంజను ఆపకుండా. కెప్టెన్ అద్దం దింపాడు.

"ఏమాలోచించారు, ఎవాల్డ్ గారూ?"

"మీ కాఫీ నాకొద్దు సార్."

"అయితే ఎక్కండి," అన్నాడు, మర్యాదగానే. వెనక సీటులో ఉన్నవాడు తలుపు తీశాడు.

చేతిలో సంచి, మేజోళ్లు. నా వెనక, గేటు దగ్గర మావాళ్లు గుంపుగా ఆగిపోయారని బూట్ల చప్పుడును బట్టి తెలిసింది. ఒక గొంతు, తెయోఫిల్‌ది, "దేవుడు మేలు చేయాలి, ఎవాల్డ్," అంది. తర్వాత రూఫిన్ గొంతు అదే మాట అంది. ఇంకా కొన్ని. ఎన్నో నేను లెక్కపెట్టలేదు.

"మేలు చేయాలి," అని కారెక్కాను. సీటుకు ఆనుకుంటే చర్మం లేచిన చోట భగ్గుమంది. తలుపు వేసేశారు.