పులికాట్‌లో అరుపు

షూటింగ్ ఫ్లోరులో ఫ్యాన్లు ఆపాలి. ఏసీ ఆపించాలి. జనరేటర్ వ్యాన్‌ను ఇంకాస్త దూరం పంపాలి. మేకప్ గదిలో నవ్వుతున్నవాళ్లను బతిమాలాలి. అవన్నీ అయ్యాక గేటు దగ్గరి డ్రైవర్లకు కూడా వినబడేలా "సైలెన్స్!" అని అరవాలి. ఫిల్మ్ నగర్ స్టూడియోలో పోచయ్య పని ఇదే. పొట్టి మనిషి, బక్క ఛాతీ. అంత గొంతు ఎక్కడ దాచుకున్నాడో ఎవరికీ తెలియదు.

ఆ పొద్దున అతని మనసు పనిలో లేదు. సాయంత్రం రైలుకు సూర్యప్రకాశరావుతో పులికాట్ సరస్సుకు వెళ్లాలి. సౌండు రికార్డిస్టుగా రిటైరైన ఆయనా, పోచయ్యా ఈ ఫ్లోరులోనే కలిసి ముసలివాళ్లయ్యారు.

పోయిన చలికాలమూ వెళ్లారు. అక్కడ చలి పేరుకే. పొద్దున్నే ఎండ వీపు మీద చురుక్కుమంది. సరస్సు నిండా రాజహంసలు తలలు ముంచి మేస్తున్నాయి. ఏ సినిమాలో చెరువు కనబడినా అవే పాత పిట్టకూతలు అతికించిన సూర్యప్రకాశరావు, నిజం చప్పుడు ఒక్కసారి పట్టుకోవాలని హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. మైకు సరిచేసి, ఊపిరి బిగబట్టి, చెయ్యి పైకెత్తాడు. ఫ్లోరులో ఆ చెయ్యి లేస్తే ఏం చెయ్యాలో పోచయ్య అదే చేశాడు.

"సైలెన్స్!"

సరస్సంతా ఒక్కసారిగా రెక్కలై లేచిపోయింది.

"చెయ్యి లేసేసరికి... అలవాట్ల అరిచిన సార్."

"టేక్ ఓకే పోచయ్యా," అని నవ్వాడు సూర్యప్రకాశరావు. "నీ గొంతు మాత్రం బ్రహ్మాండంగా పడింది."

తిట్టి ఉంటే పోచయ్య మర్చిపోయేవాడు. ఆ నవ్వే అతన్ని ఏడాదంతా తినేసింది. ఈసారైనా సారు ఆ పక్షుల చప్పుడు వినాలి, అంతే.

భోజనాల వేళ ఫోను మోగింది. సూర్యప్రకాశరావు కూతురు భువన. "పోచయ్య అంకుల్... నాన్న టిఫిన్ చేసి నడుం వాల్చారండీ. మళ్లీ లేవలేదు."

ఫ్లోరులో మళ్లీ లైట్లు వెలిగాయి. "ఏంది పోచన్నా, నిద్రపోయినవా? సైలెన్స్ కొట్టు!" అని అసిస్టెంట్ డైరెక్టర్ కేకేశాడు. పోచయ్య నోరు తెరిచాడు. గొంతు రాలేదు. చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు.

వెంగళరావు నగర్‌లో ఆ ఇంటి హాల్లో సూర్యప్రకాశరావును చాప మీద పడుకోబెట్టారు. ప్రయాణానికి సర్దిన సంచి ఇంకా గుమ్మం పక్కనే ఉంది. భువన అందులోంచి ఒక పొట్లం తీసి పోచయ్య చేతిలో పెట్టింది.

"పిప్పరమెంట్లు. మీకేనట అంకుల్. పక్షులు కనబడగానే మీ నోట్లో ఒకటి వేసేస్తానని రాత్రి ఒకటే నవ్వు."

"గట్లన్నడా సారు..."

పొట్లం విప్పలేదు. ఆయన తల దగ్గర కూర్చున్నాడు. చీకటి పడేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.

చలికాలంలో మీరెప్పుడైనా పులికాట్ గట్టున నిలబడితే, కాసేపు మాటలు ఆపి ఆ పక్షుల చప్పుడు వినండి. వింటూ సూర్యప్రకాశరావు గారిని ఒక్కసారి తలుచుకోండి. ఆ పొట్లం పోచయ్య చొక్కా జేబులో ఇంకా అలాగే ఉంది.