అరవై అంగుళాల టేపు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఒక పేజీ నిండడానికి మూడు రోజులు పడుతుంది. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై రెండో ఏట, మా ఆయన పోయిన ఏడాదికి. నేర్పింది మా కోడలు. మందుల షాపులో పనిచేస్తుంది. అక్కడ పారేసే బిల్లులు తెచ్చి, వాటి వెనక వైపు నా చేత దిద్దించేది. "అత్తయ్యా, మీ 'క'కి కడుపొచ్చింది, కాస్త తగ్గించండి" అని నవ్వేది. ఆ నవ్వు ఇప్పుడు ఇంట్లో లేదు. అందుకే రాస్తున్నాను.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నేను మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. వాళ్ల నాన్న టేపు పట్టుకుని మా అబ్బాయి వచ్చాడు. మా ఆయన దర్జీ. పోయేదాకా ఆ టేపు ఆయన మెడలోనే ఉండేది. "అమ్మా, కాస్త కాళ్లు ముడుచుకో" అని, ఒక కొస మంచం తలవైపు పెట్టి రెండో కొస పెళ్లానికిచ్చాడు. దర్జీ టేపు అరవై అంగుళాలే. మంచం డెబ్బై రెండు. "టేపు అయిపోయిన చోట వేలు పెట్టి పట్టుకో" అన్నాడు. కోడలి వేలు నా మోకాలి పక్కన పడింది. అది నా మొహం వంక చూడలేదు. దానికి రెండో నెల. "అపార్థం చేసుకోకమ్మా, ఊరికే లెక్క చూస్తున్నా. బయట ఒక్క గదికి నా జీతంలో సగం అడుగుతున్నారు. పిల్లో పిల్లాడో వస్తే ఇక్కడే చోటుండాలి కదా. నిన్ను పొమ్మంటున్నానా? ఉన్నన్నాళ్లు ఉండు. మేమే ఆగుతాం" అన్నాడు వాడు. నేను కోడలి వేలినే చూస్తూ ఉండిపోయాను. నలభై రెండేళ్ల కిందట అదే మంచం మీద, అదే చోట పడ్డ వేలు నాది.

మాది మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. ఆసుపత్రి లాండ్రీలో నా ఉద్యోగానికి ఇచ్చిన ఇల్లు అది. దుప్పట్లు ఉతికి, మడతపెట్టి, ముప్పై ఎనిమిదేళ్లు చేశాక నా పేరనే రాసిచ్చారు. అయినా మా ఆయన నోట అది ఎప్పుడూ 'నా ఇల్లే'. 'నా ఇంట్లో ఉండి నాకే ఎదురు చెబుతావా' అనేవారు. గదిలో కిటికీ పక్కన అత్తగారి మంచం. ఎదురు గోడకి ఆయన కుర్చీ. ఆయన దగ్గర బట్టలు కుట్టించుకునే పెద్దాయన ఎవరో సామాను అమ్ముకుంటూ ఇచ్చిపోయిన మెత్తల కుర్చీ అది. దాన్ని పైకి తేవడానికి నలుగురు మనుషులు పట్టారు, గుమ్మం తలుపు ఊడదీయాల్సి వచ్చింది. మంచానికీ కుర్చీకీ మధ్య నేల మీద మేం పడుకునేవాళ్లం. పొద్దున లేచి చాప చుడితేనే నడవడానికి దారి.

నేను నెల తప్పానని చెప్పగానే ఆయన మెడలోంచి టేపు తీశారు. నన్ను రెండో కొస పట్టుకోమన్నారు. అత్తగారు పక్షవాతంతో ఆ మంచం మీదే ఉన్నారు, మెలకువగానే. నా వేలు ఆవిడ పాదాల దగ్గర ఆగింది. దర్జీ తల్లి కదా, ఆవిడే అందించింది: "ఇంకా పన్నెండుంది, జారనీకే. ఒరే నాయనా, నన్ను కూడా కలిపి కొలువు. ఎలాగూ పాడె కట్టాలిగా." ఆయన నవ్వారు. సిగ్గుచేటు, నేనూ నవ్వాను. "ఊయల పట్టాలంటే ఈ మంచం లేవాలి. అమ్మ పోయాక చూద్దాం. ఎంతలే, ఏడాదో ఆర్నెల్లో" అన్నారు. నేను టేపు పట్టుకున్నానే గానీ దాని మీద అంకెలు చదవడం నాకు రాదు. ఆయన ఎంతంటే అంత.

నేను పనిచేసే ఆసుపత్రిలోనే కడుపు తీయించుకున్నాను. రెండో రోజుకే పనిలోకి వెళ్లాను. కానుపుల వార్డు బట్టలు విడిగా కట్టి పంపుతారు. మూటలో నేను పడుకున్న దుప్పటి కూడా వచ్చింది. మూల చిరిగి ఉంటే అక్కడ పడుకున్నంతసేపూ వేలికి చుట్టుకున్నాను, అందుకని గుర్తుపట్టాను. నేనే ఉతికాను. ఆరేశాను. మడతపెట్టి తిరిగి ఆ వార్డుకే పంపాను. రెండేళ్లకి మళ్లీ అదే జరిగింది. ఈసారి ఆయన టేపు కూడా తీయలేదు. "కొలతలు మారాయా ఏమిటి?" అన్నారు.

అప్పట్నుంచి నేను మంచిదాన్ని కాను. అత్తగారి కంచంలో ఒక గరిటె తగ్గించాను. ఒళ్లు తుడవడం రోజు విడిచి రోజు చేశాను. పనికి వెళ్లబోతూ ఆవిడ గుండెల మీద దుప్పటి కదులుతోందా అని చూసేదాన్ని, కదిలితే ఉసూరుమనేదాన్ని. ఆవిడకి అన్నీ తెలుసు. "ఇవాళ కూడా పోలేదే, ఏమనుకోకు" అనేది. ఒకరోజు జుట్టు దువ్వుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు నా చావు కోసం చూస్తున్నావు, నేనూ దానికోసమే చూస్తున్నాను. వాడొక్కడే తీరిగ్గా కూర్చుని పేపరు చూస్తున్నాడు" అంది. మంచంలో పడ్డవాళ్ల చాదస్తం అనుకుని జడ బిగించాను. కావాలనే గట్టిగా బిగించాను.

ఆ మొదటి కొలత తర్వాత ఆవిడ తొమ్మిదేళ్లు బతికింది. పోయిన వారానికి ఆయన చెక్క ఊయల తెచ్చారు. నా ముప్పై రెండో ఏట అబ్బాయి పుట్టాడు. వాడు ఆ కుర్చీ పట్టుకునే నిలబడడం నేర్చుకున్నాడు. వాళ్ల నాన్న పోయిన నెలకి అందులో కూర్చున్నాడు.

ఆ ఆదివారం తర్వాత బుధవారం ఇంట్లో ఎవరూ లేరు. టేపు మేకుకి వేలాడుతోంది. ఇప్పుడు నాకు అంకెలు వచ్చు. అటక మీంచి ఊయల దించాను. పొడవు ముప్పై ఎనిమిది, వెడల్పు ఇరవై రెండు. కుర్చీ కొలిచాను. నలభై ఒకటి, ముప్పై ఏడు. తప్పు చదివానేమో అని మూడుసార్లు కొలిచాను. తప్పు లేదు. కుర్చీ తీస్తే ఊయల పట్టేది, పక్కన నీళ్ల బిందె కూడా పట్టేది. నా ఇద్దరికీ చోటుండేది. ఆ ముసలిదాని కంచంలో గరిటె తగ్గేది కాదు. నేల మీద కూలబడ్డాను. కుర్చీలో కూర్చోవాలని అప్పుడు కూడా నాకు తోచలేదు.

కోడలు రాగానే చెప్పాలని కాచుకున్నాను. అది మధ్యాహ్నానికే వచ్చింది. గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. "అత్తయ్యా, కాసిని వేడినీళ్లు పెడతారా" అంది. ఆ నడక నాకు తెలుసు.

"ఎప్పుడు?"

"పొద్దున. షాపుకి సెలవు పెట్టాను."

"వాడొచ్చాడా?"

"ఆయనకి డ్యూటీ ఉందట."

"ఏమన్నాడు?"

వంటింటి గట్టుకి ఆనుకుంది. తర్వాత, "అమ్మ పోయాక తీరిగ్గా చూద్దాం అన్నారు" అంది.

"కుర్చీ నలభై ఒక్క అంగుళాలే అమ్మాయ్, ఇప్పుడే కొలిచాను."

"నాకు ఆదివారమే తెలుసత్తయ్యా. కంటికి ఆనుతూనే ఉందిగా. చెప్పాను కూడా. 'నాన్న కుర్చీ తీసేస్తే ఈ ఇంట్లో మగాడు కూర్చునేదెక్కడ' అన్నారు."

నీళ్లు కాచాను. నా మంచం మీద పడుకోబెట్టాను. కాళ్లు తుడుస్తుంటే, "మీరు ఎప్పుడు పోతారా అని చూస్తానేమో అని భయమేసింది అత్తయ్యా" అంది. చూస్తుంది. నేను చూశాను కాబట్టి నాకు తెలుసు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వాడొచ్చాడు. చెప్పులు విడిచి తిన్నగా కుర్చీలో కూర్చుని, "టీ లేదా?" అన్నాడు.

"లేచి నిలబడు" అన్నాను.

"ఎందుకమ్మా?"

"ఊరికే, లెక్క చూస్తున్నా."

నవ్వుతూ లేచాడు. టేపు ఒక కొస వాడి మడమ దగ్గర కాలితో తొక్కిపట్టాను. "అమ్మాయ్, ఓపికుంటే ఒక్కసారి ఇలా రా" అన్నాను. కోడలు మెల్లగా లేచి వచ్చింది. టేపు పైకి లాగింది. దర్జీ టేపు అరవై అంగుళాలే. వాడు అరవై ఏడు. అయిపోయిన చోట కోడలు వేలు పెట్టి పట్టుకుంది. వేలు సరిగ్గా వాడి పెదాల మీద పడింది.

"చూశావా, ఇంకా ఏడంగుళాలుంది. ఈ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ చోటు పట్టేది నువ్వేరా నాయనా. నెలాఖరులోగా వేరే చోటు చూసుకో. కుర్చీ కూడా తీసుకుపో, తలుపు నేను ఊడదీయిస్తాను. కోడలు ఉంటుందో నీతో వస్తుందో దాని ఇష్టం" అన్నాను.

కోడలు వేలు తీయలేదు.

ఇట్లు,
బిల్డింగులో అందరూ పిలిచే పేరు లాండ్రీ పెద్దమ్మ,
వయసు అరవై నాలుగు,
ఉండేది మూడో అంతస్తు, కిటికీ పక్కన, డెబ్బై రెండు అంగుళాల మంచం మీద. ఎక్కడికీ పోవడం లేదు.