దూసిన గడ్డి

సింగపూర్ వచ్చిన రెండేళ్ళలో నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పదో తరగతి అయ్యేదాకా రోజూ పొద్దున్నే మా గొడ్లచావిట్లో పేడ తీసి, వాములోంచి గడ్డి దూసి నాలుగు గేదెలకి వేసి, ఆ తర్వాతే స్నానం చేసి బడికి వెళ్ళేవాణ్ణి. ఇందులో దాచుకోవలసిందేముందని మీరడగొచ్చు. విజయవాడ హాస్టల్లో నా చొక్కా వాసన చూసి నాకు 'గడ్డిమోపు' అని పేరు పెట్టినవాళ్ళని అడగండి, చెబుతారు. ఇంటర్ రెండేళ్ళూ నాకు వేరే పేరు లేదు. కృష్ణప్రసాద్ అంటే ఎవరో మా లెక్చరర్లకి కూడా గుర్తుండేది కాదు.

అందుకే ఇక్కడ మేముండే యూ టీ అనే పేటలో తెలుగువాళ్ళం కలుసుకున్నప్పుడు, మీదేవూరంటే తెనాలి అనేవాణ్ణి. మా ఊరు తెనాలికి పద్నాలుగు కిలోమీటర్లు. నాన్నగారేం చేస్తారంటే, పొలాలున్నాయండీ అనేవాణ్ణి. ఆ 'అండీ'లో ఒక మేడా, రెండు రైస్ మిల్లులూ వినపడేలా అనడం నాకు బాగా పట్టుబడింది. మా ఆవిడ ఉదయశ్రీకి నిజం తెలుసు. పక్కనే కూర్చుని, కాఫీ కప్పులోకి చూస్తూ ఊరుకునేది.

అది తొంభైతొమ్మిది డిసెంబరు. జనవరి ఒకటిన కంప్యూటర్లన్నీ తేదీ తప్పి పడిపోతాయని లోకమంతా బెంబేలెత్తుతోంది. ఆ భయం పుణ్యమా అని మాలాంటివాళ్ళం వందలమంది విమానాలెక్కి ఇక్కడికొచ్చి పడ్డాం. మా కంపెనీ నన్ను ఒక గుర్రపు స్వారీ బడికి పంపింది. మా ఇంటికి బస్సులో ఇరవై నిమిషాలు, చుట్టూ చెట్లు. గుర్రాల మందులూ, మేతా, పిల్లల క్లాసులూ అన్నీ ఒక పాత కంప్యూటర్లో ఉన్నాయి. దానికి రెండువేల సంవత్సరం నేర్పించడం నా పని.

మొదటిరోజు మేనేజర్ మిసెస్ లిమ్ నన్ను గుర్రాల సాలలన్నీ తిప్పి చూపించింది. ఒక చోట అరవై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, తల నిండా గడ్డి పరకలు, గుర్రానికి మేత వేస్తున్నాడు. నా మెడలో కార్డు మీద పేరు చూశాడు.

"ఏటి బాబూ, తెలుగోరా?" అన్నాడు.

"యెస్" అన్నాను. ఆ మాటకి ఎవడైనా యెస్ అంటాడా? నేనన్నాను. పక్కన మిసెస్ లిమ్ ఉంది, ఆయన తలలో గడ్డి ఉంది. అంతే కారణం.

ఆయన పేరు పరంధామయ్య. తాతల కాలంలో ఉత్తరాంధ్ర నుంచి మలయా కొబ్బరి తోటల్లోకి కూలికి వచ్చిన కుటుంబం. ఇండియా ఎన్నడూ చూడలేదు గానీ, వాళ్ళ తాత ఓడెక్కినప్పటి తెలుగు ఈయన నోట్లో అలాగే ఉంది, మధ్యమధ్య కాస్త మలాయ్, కాస్త అరవం. ఆ బడిలో ముప్ఫై ఏళ్ళుగా సైస్, అంటే గుర్రాల పని చూసేవాడు. మేత గది తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. మిగతా పనివాళ్ళెవరూ మేత ముట్టుకునేవాళ్ళు కాదు.

ఇక్కడ చలికాలం లేదు. డిసెంబరంటే వానలు. మైదానాలన్నీ చిత్తడై గుర్రాల్ని బయటికి వదల్లేక రోజంతా సాలల్లోనే కట్టేసేవాళ్ళు. ఊరికే నిలబడ్డ గుర్రానికి రోజంతా నమలడానికి ఏదో ఒకటి ఉండాలట. ఎప్పుడూ ఓడల మీద చదరపు కట్టల్లో వచ్చే ఎండుగడ్డి ఆసారి ఆలస్యమై, ఎక్కడినుంచో గుండ్రటి చుట్టలు నాలుగు తెప్పించారు. ఒక్కోటి నా ఛాతీ ఎత్తుంది. పరంధామయ్య చాప విప్పినట్టు పైనుంచి పొరపొరగా విప్పి, ప్రతి గుప్పెడూ ముక్కు దగ్గర పెట్టుకుని, అప్పుడు వేసేవాడు. గుర్రానికి కక్కుకోవడం రాదనీ, కడుపులోకి పోయింది పోయినట్టేననీ ఆయనే చెప్పాడు. నేను అడగకపోయినా వచ్చి చెప్పేవాడు. తెలుగు మాట్లాడే మనిషి దొరికాడని సంతోషం. నేను తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండా ఊఁ కొట్టేవాణ్ణి.

శుక్రవారం సాయంత్రం కూడా అలాగే వచ్చాడు. నాలుగో చుట్ట వాసన తేడాగా ఉందనీ, మూలకి దొర్లించి పెట్టాననీ, సోమవారం మేడమ్‌కి చూపిస్తాననీ అన్నాడు. అప్పుడూ ఊఁ అన్నాను. ఆ సంగతి ఆయన చెప్పింది నాకొక్కడికే.

శనివారం పని మిగిలిపోయి, మా అమ్మాయి నిఖిలని వెంటబెట్టుకుని వెళ్ళాను. దానికి తొమ్మిదేళ్ళు, బడికి సెలవులు. ఈమధ్య నేనంటే దానికి పెద్ద లెక్క లేదు. దాని స్నేహితురాళ్ళ నాన్నల్లో ఒకాయన టెన్నిస్ ఆడతాడు, ఇంకొకాయన గిటార్ వాయిస్తాడు. నాన్నా, నీకేం వచ్చు అని రెండుసార్లు అడిగింది. కంప్యూటర్ అన్నాను. అది అందరికీ వచ్చు కదా అంది.

మధ్యాహ్నం పరంధామయ్య భోజనానికి వెళ్ళాడు. వాన కదా, మేత గది తలుపు దగ్గరికి వేశాడే గానీ తాళం వేయలేదు. జింజర్ అనే ముసలి ఆడగుర్రం తల బయటపెట్టి గడపని కాలితో తన్నుతోంది. నిఖిల దానికి మేత వేస్తానని గొడవ. మేత గదిలో మూడు చుట్టలు అయిపోయాయి. మూలన నాలుగోది ఉంది.

దాన్ని చూడగానే నాకు మా వామే కనిపించింది. వాము పైపొర వానకి నల్లబడుతుంది, లోపల గడ్డి బంగారంలా ఉంటుంది. అందుకే పక్కనుంచి మోచెయ్యి లోతు చెయ్యి దూర్చి, గుప్పిట బిగించి, కాస్త మెలిపెట్టి లాగాలి. పై గడ్డి కదలకూడదు. మా అమ్మ నేర్పిన పద్ధతి. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఒక్క గుంజుతో గడ్డి బారుగా వచ్చింది.

"వా, నాన్నా! యు నో హౌ, ఆ? హూ టీచ్ యు?" అంది నిఖిల, ఇక్కడి పిల్లలు మాట్లాడే ఇంగ్లీషులో. నోరు తెరుచుకుని చూస్తోంది.

మా అమ్మ అని చెప్పొచ్చు. చెప్పలేదు. ఇదేం పెద్ద విద్య అని నవ్వి, ఇంకోసారి దూశాను.

ఇప్పుడు అసలు సంగతి. లోపల చెయ్యి పెట్టగానే వెచ్చగా తగిలింది. గడ్డితోపాటు తెల్లటి పొడి వచ్చింది. ముక్కిపోయిన వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. వాములోకి నీళ్ళు దిగిన ఏడు మా అమ్మ అలాంటి గడ్డిని గేదెలకి కూడా వేయనిచ్చేది కాదు, పెంటకుప్ప మీద పారేయించేది. శుక్రవారం పరంధామయ్య చెప్పిన మాటా గుర్తొచ్చింది. అయినా నా కూతురు మొదటిసారి నన్ను అలా చూస్తోంది. ఇప్పుడు ఇది పనికిరాదమ్మా అని చేతులు దులుపుకుంటే ఆ చూపు పోతుంది. నా బుద్ధి గడ్డి తింది. రెండు చేతుల నిండా ఇచ్చాను. అది మురిసిపోతూ గుర్రానికి తినిపించింది.

సోమవారం వెళ్ళేసరికి బడంతా చిన్నబోయి ఉంది. శనివారం సాయంత్రమే జింజర్‌కి కడుపునొప్పి మొదలైందట. డాక్టరొచ్చి ముక్కులోంచి గొట్టం వేశాడట. పడుకుంటే పేగు మెలిపడుతుందని పరంధామయ్య ఆదివారమంతా వానలో దాన్ని నడిపిస్తూనే ఉన్నాడట. బతికింది, నిలబడలేక నిలబడి ఉంది.

మిసెస్ లిమ్ అందర్నీ మేత గదిలోకి పిలిచింది. కాగితాలు పట్టుకుని నేనూ వెళ్ళాను. నాలుగో చుట్ట పక్కన బొక్క ఉంది. ఇదేమిటి, ఎవరు తీశారు అని అడిగింది. పరంధామయ్య వంగి చూశాడు. ఆ బొక్కలోకి మోచెయ్యి దాకా తన చెయ్యి పెట్టాడు. తర్వాత వెనక్కి తిరిగి నావైపు చూశాడు, మొహంకేసి కాదు, నా చేతులకేసి.

"ఐ టేక్, మేడమ్" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళ మనిషివి, ఇంత పొరపాటు ఎలా చేశావని ఆవిడ అడిగింది. మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఇచ్చేయమంది. ఆ రోజునుంచి ఆయన పని కాలవలు కడగడం. మేత దగ్గరికి రావద్దంది.

నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఉద్యోగం పోతుందన్న భయమేమో అనుకుంటే అదీ కాదు. చెబితే ఆ బొక్క ఎలా పెట్టానో చెప్పాలి, అది ఎక్కడ నేర్చుకున్నానో చెప్పాలి. రెండేళ్ళు కష్టపడి వదిలించుకున్న గడ్డిమోపుని మళ్ళీ నా చేత్తో నెత్తినెత్తుకోవాలి. ఒక ముసలాయన పరువుకన్నా నాకు అది ఎక్కువైంది. ఇలా రాసుకుంటున్నప్పుడు కూడా మొహం వేడెక్కుతోంది.

మంగళవారం అన్నం తింటూ నిఖిల, జింజర్ ఎలా ఉందని అడిగింది. ఒంట్లో బాగోలేదు, తగ్గిపోతుందన్నాను. మనం పెట్టిన గడ్డి వల్లనా, వాళ్ళకి చెప్పావా అంది. చెప్పానన్నాను. ఉదయశ్రీ నా కంచంలో పెరుగు వేస్తూ ఒక్కసారి నావైపు చూసింది.

గురువారం ఇక కూర్చోలేకపోయాను. వెనకాల కాలవ దగ్గర పరంధామయ్య చీపురుకట్టతో పేడ నీళ్ళు తోస్తున్నాడు. వెళ్ళి పక్కన నిలబడి, ఆ గడ్డి దూసి పెట్టింది నేనేనని తెలుగులో చెప్పాను. ఆయనతో నేను తెలుగులో మాట్లాడటం అదే మొదలు. నాలుగు గడ్డి పెడితే బాగుండునని ఎదురుచూశాను. ఆయన చీపురు ఆపలేదు.

"నాకు తెలుసు బాబూ. ఇక్కడోళ్ళు సుట్టని పొరలిప్పుతారు. అలా పక్కన బొక్కెట్టి దూసేది మా నాయినొక్కడే. తోటలో ఆవులికి అలాగే దూసీవోడు. సూడగానే మనోడి సెయ్యని తెలిసిపోనాది."

అయితే మీరెందుకు మీద వేసుకున్నారని అడిగాను. శనివారం తిరిగొచ్చేటప్పుడు నా పక్కన పాపని చూశాడట. ఆ పిల్ల తండ్రిని నలుగురిలో నిలబెట్టడం ఎందుకనుకున్నాడట. పూట తిరక్కుండా నా అంతట నేనే వెళ్ళి మేడమ్‌తో నిజం చెప్పేస్తానని అనుకున్నాడట. క్షమించమన్నాను.

"నాతోటి తెలుగులో సెప్పీసి ఏటి లాభం బాబూ? మేడమ్‌కి తెలుగు రాదు కదా" అన్నాడు. చీపురు విదిలించి, "వాసన తెలవలేదా?" అని అడిగాడు.

"జలుబు చేసిందండీ" అన్నాను. అప్పుడు కూడా అబద్ధమే వచ్చింది. ఆయన తలూపి, చీపురు పట్టుకుని పక్క కాలవలోకి వెళ్ళాడు.

నేను తిన్నగా మిసెస్ లిమ్ గదిలోకి వెళ్ళాను. శనివారం గడ్డి తీసింది నేను, ఆయన కాదు అన్నాను. ఆవిడ నమ్మలేదు. కంప్యూటరాయనకి మేత గదిలో పనేమిటి, ముసలాయన మీద జాలిపడి అంటున్నావా అంది. దూయడం అన్న మాటని ఇంగ్లీషులో ఏమంటారో నాకు ఆ రోజుకీ తెలియదు, ఈ రోజుకీ తెలియదు. రండి చూపిస్తానని మేత గదికి తీసుకెళ్ళాను. అమ్మినవాళ్ళకి చూపించడానికి ఆ చుట్టని అలాగే ఉంచారు. పనివాళ్ళంతా గుమ్మంలో మూగారు. నేను ఆఫీసు చొక్కా చేతులు మడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, మొదటి బొక్క పక్కనే చెయ్యి దూర్చి, మెలిపెట్టి లాగాను. పై గడ్డి పరక కదల్లేదు. రెండు బొక్కలూ అచ్చం ఒకలాగే ఉన్నాయి.

ఇది ఎక్కడ నేర్చుకున్నావని ఆవిడ అడిగింది. మా ఇంట్లో, గేదెల కొట్టంలో, మా అమ్మ దగ్గర అన్నాను. సింగపూర్‌లో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు.

మరి వాసన తెలియలేదా అంది ఆవిడ కూడా. జలుబు అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది. గుమ్మంలో అందరి వెనకా పరంధామయ్య చీపురుతో నిలబడి ఉన్నాడు. తెలిసిందని ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను. తర్వాత ఆయనవైపు తిరిగి, "వాసన తెలిసిందండీ. తెలిసే పెట్టాను" అన్నాను.

 ఆవిడ తాళంచెవి తీసి ఆయనకి ఇచ్చింది. నా సంగతి మా కంపెనీతో మాట్లాడతానంది. పరంధామయ్య తాళంచెవి మొలతాడుకి ముడి వేసుకుని, నా చేతిలో ఇంకా ఉండిపోయిన గడ్డి తీసుకున్నాడు. పెంటకుప్ప వైపు వెళ్తూ, చేతులు కడుక్కోమన్నాడు.

"పాపకి తెలుసునా?" అని అడిగాడు.

అక్కడి ఫోన్ నుంచే ఇంటికి చేశాను. నిఖిలే ఎత్తింది. నేను చెప్పానని నీతో అన్నాను కదా, అప్పుడు చెప్పలేదమ్మా, ఇప్పుడే చెప్పాను అన్నాను.

"ఐ నో లా, నాన్నా" అంది. "దట్ డే యు నెవర్ లుక్ ఎట్ మీ."

దాని చూపు కోసమే ఇదంతా చేశాను. మంగళవారం రాత్రి ఒకే బల్ల దగ్గర కూర్చుని, నేను దానివైపు ఒక్కసారి కూడా చూడలేదని ఆ పిల్లకి తెలుసు. జింజర్‌ని చూడటానికి వస్తానంది. రమ్మన్నాను.